పోలీసు ఖర్చు - మన బస్తీల శాంతి
(భివండీ పవర్‌లూమ్ కార్మికుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



కర్ఫ్యూ పెడితే సేఠ్‌కు కొంత నష్టం. మనకైతే పొయ్యి వెలగదు. సాంచా ఆగితే మీటరు లేదు, మీటరు లేకపోతే పగారు లేదు. కాబట్టి పోలీసుల మీద సర్కారు పెట్టే డబ్బు దేనికి ఖర్చవుతోందని మనం అడగాల్సిందే.

1970 మే నెలలో, మళ్లీ 1984 మే నెలలో ఈ ఊరు తగలబడింది. 1970 అల్లర్లను విచారించిన జస్టిస్ మదన్ కమిషన్ పోలీసుల పక్షపాతాన్ని తప్పుపట్టింది. 1984 తర్వాత ఇక్కడ అధికారిగా పనిచేసిన సురేశ్ ఖోపడే మొహల్లా కమిటీలు పెట్టించారు. హిందువులు, ముస్లిములు, బస్తీ పోలీసులు ఒకేచోట కూర్చునేవారు. పుకారు పుడితే అక్కడే తేల్చుకునేవారు. 1992 డిసెంబరు, 1993 జనవరి అల్లర్లలో పక్కనే ముంబయిలో సుమారు 900 మంది చనిపోయారు. భివండీ తగలబడలేదు! దానికి కొత్త తుపాకులు కొనాల్సిన పని పడలేదు.

2006 జూలైలో ఏం జరిగింది? ఖబరస్తాన్ పక్కన పోలీసు స్టేషన్ కట్టడంపై గొడవ లేచింది. పోలీసు కాల్పుల్లో ఇద్దరు పోయారు. తర్వాత గుంపు ఇద్దరు కానిస్టేబుళ్లను చంపింది. నలుగురూ పేదింటి బిడ్డలే అయివుంటారని మేమనుకుంటున్నాం. బిల్డింగుకు డబ్బు దొరికింది, ముందుగా కూర్చుని మాట్లాడేందుకు మాత్రం టైము దొరకలేదు.

మేము పోలీసులకు శత్రువులం కాము. వర్లీ, నాయ్‌గావ్ బి.డి.డి. చాళ్లలో మిల్లు కార్మికుడూ కానిస్టేబులూ ఇరుగుపొరుగుగానే బతికారు. 1982 జనవరిలో మిల్లు సమ్మె మొదలైంది, అదే ఆగస్టులో ముంబయి కానిస్టేబుళ్లు తిరగబడ్డారు. సర్కారు మిలిటరీని దించి, వాళ్ల సంఘాన్ని రద్దు చేసింది. సంఘం లేని మనిషి పన్నెండు గంటల డ్యూటీ చేసి మన బస్తీకొస్తే ఎలా మాట్లాడతాడో మనకు తెలియనిదా?

అందుకే మేమడిగేది ఇది. బస్తీని ఎరిగిన కానిస్టేబులుకు ఎనిమిది గంటల డ్యూటీ, ఉండడానికి మంచి ఇల్లు ఇవ్వండి. మొహల్లా కమిటీలకు బడ్జెట్టులో పైసలు కేటాయించండి. కమిటీ అంటే సేఠ్‌లకూ లీడర్లకూ కుర్చీలు వెయ్యడం కాదు (అదీ చూశాం లెండి!). సాంచా నడిపేవాళ్లు, కండెలు చుట్టే ఆడవాళ్లు అందులో ఉండాలి. మీటింగు సాంచాల సెలవు రోజున పెట్టాలి.

ఈ డిమాండ్లతో అర్జీ సిద్ధంగా ఉంది. పద్మానగర్‌లో ఉండేవాళ్లు ఇవాళే సంతకాలు పెట్టండి. పక్క సాంచా మీద పనిచేసే ముస్లిము సోదరుడి చేత కూడా పెట్టించండి. ఆయన సంతకం లేకుండా ఈ కాగితాన్ని మేము పోలీసు స్టేషనుకు తీసుకుపోము.