మిరప గింజకు అనిశ్చితత్వం ఎంత?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సైన్సు మాస్టారి దగ్గర ఎవరు ఏ జవాబు చెప్పినా, "సరే, ఎంత?" అని అడిగేవారు. ఆ ప్రశ్న మరిచిపోయి నేనొకసారి తలవంచుకోవలసి వచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక షాఫ్టు మందం కొలిచినప్పుడల్లా ఒక్కో అంకె వచ్చేది. మా పై ఇంజనీరు అడిగితే, "హైసెన్‌బర్గ్ అనిశ్చితత్వ నియమం సార్, కచ్చితంగా కొలవలేం" అన్నాను. "లెక్క కట్టావా?" అన్నారాయన. కట్టలేదు. చూస్తే గేజీ బిగింపు వదులైంది.

ఆ లెక్క మనకు బాగా తెలిసిన మిరప గింజతో కడదాం. 1927లో హైసెన్‌బర్గ్ చెప్పింది ఇది: వస్తువు స్థానంలో ఉండే అనిశ్చితిని, ద్రవ్యవేగంలో ఉండే అనిశ్చితితో గుణిస్తే వచ్చే విలువ ఒక హద్దు కంటే తగ్గదు. ఎస్.ఐ. ప్రమాణాల్లో ఆ హద్దు రాయాలంటే దశాంశ బిందువు తర్వాత 34 సున్నాలు పెట్టి, ఆ పైన 5 వేయాలి.

గింజ బరువు 5 మిల్లీగ్రాములనుకుందాం. అదెక్కడుందో మిల్లీమీటరులో వెయ్యోవంతు తేడాతో మనకు తెలుసు. ఇక దాని వేగంలో ఉండక తప్పని అనిశ్చితి ఎంత? విశ్వం వయసంత, అంటే 1380 కోట్ల ఏళ్లు గడిచినా, ఆ కాస్త వేగం గింజను జరిపేది మిల్లీమీటరులో 200వ వంతు లోపే. అదే ఎలక్ట్రాన్‌ను పరమాణువంత చోట బంధిస్తే, వేగంలో అనిశ్చితి సెకనుకు 500 కిలోమీటర్లు దాటుతుంది. నియమం ఒక్కటే, ద్రవ్యరాశిలోనే తేడా.

మరి జిన్నింగు మిల్లులో ఎండపొడలో ఆడే పత్తి నూగు సంగతి? దాన్ని ఆడించేది గాలి. ఇంకా సన్నటి రేణువులైతే గాలి అణువులు ఢీకొట్టి ఊగుతాయి. అది బ్రౌనియన్ చలనం. దానికి 1905లో ఐన్‌స్టీన్ లెక్క చెప్పారు.

అయితే బరువైన వస్తువులకు క్వాంటం నియమాలు వర్తించవా? వర్తిస్తాయి. అమెరికాలో గురుత్వ తరంగాలను పట్టే లైగో అద్దం ఒక్కొక్కటి 40 కిలోలు, సుమారు మన యార్డులో ఒక మిర్చి టిక్కీ అంత. కాంతిలోని క్వాంటం ఒడుదుడుకులు ఆ అద్దాలను కదిలిస్తున్నాయని 2020లో కొలిచి చూపారు. ఎంత? ప్రోటాన్ వ్యాసంలో లక్షోవంతు కూడా లేదు!

కాబట్టి కాటా మీద రైతు టిక్కీ కిలో తగ్గితే అది హైసెన్‌బర్గ్ పని కాదు. తేమ ఆరి ఉండాలి, కాటా చెడి ఉండాలి, లేదా మనిషి చేయి పడి ఉండాలి. ఏదో తేల్చవచ్చు, తేల్చాలి కూడా. "ఏదీ కచ్చితంగా చెప్పలేం" అనే మాటను సైన్సు పేరు మీద అడ్డం పెట్టుకుంటే నష్టపోయేది ఆ రైతే.

చివరగా ఒక మనవి. సంఘం తరఫున మన బడి ప్రయోగశాలకు మిల్లీగ్రాములు తూచే మంచి త్రాసు ఒకటి కొనిద్దాం. నేను 5 మిల్లీగ్రాములు అనుకున్నాను గానీ, పిల్లలు గింజను తూచి చూసి, ఈ లెక్క మళ్లీ కట్టాలి.

సెలవు.