మూత్రపిండమున చిన్న కంతి: లేసరు శస్త్రచికిత్స
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము వైద్యులము గాము. చదివి, విని తెలిసికొన్నదానిని మన కుటుంబముల మేలుకోరి మనవి చేయుచున్నాము.

మన తాతల నాడు మూత్రపిండమున కంతి యున్నదని తెలియుటకు మూత్రములో రక్తము పడవలసినదే, నడుమున నొప్పి పుట్టవలసినదే. అప్పటికి వ్యాధి ముదిరియుండెడిది. నేడట్లు గాదు. వేరొక బాధకై తీసిన స్కానింగులో చిన్న కంతి అనుకొనకుండ కనబడుచున్నది. నొప్పి లేదు గదా యని ఆ కాగితమును బీరువాలో దాచువారును, కేన్సరను మాట విని కాలు చేయి ఆడక కూర్చుండువారును మనలో కలరు. ఈ రెండును తగవు.

4 సెంటీమీటర్లకు మించనిదానిని చిన్న కంతి యందురు. అందు ఇంచుమించు ఐదింట ఒకటి కేన్సరు గాదు. కొందరు వృద్ధులకు శస్త్రము లేకయే, అప్పుడప్పుడు స్కానింగు తీయుచు కనిపెట్టియుందురు.

1869లో జర్మనీలోని హైడెల్‌బెర్గు నగరమున గుస్టావ్ సైమన్ అను వైద్యుడు మూత్రపిండమును పూర్తిగా తొలగించి రోగిని బ్రతికించెను. 1990లో అమెరికాలో రాల్ఫ్ క్లేమన్ ఆ పనినే చిన్న రంధ్రముల గుండా సాధించెను. నేడు వీలైనచోట కంతిని మాత్రము తీసి, మిగిలిన పిండమును నిలుపుటయే మేలని వైద్యులు తలంచుచున్నారు. మధుమేహము, రక్తపుపోటు ఇంటింట నున్న ఈ కాలమున ఇది చిన్న లాభము గాదు.

అయితే చిక్కంతయు రక్తముతోనే. మన మూత్రపిండముల గుండా నిమిషమునకు సుమారు 1 లీటరు రక్తము పారును. కావున ధమనిని కొంతసేపు బిగించి, కంతిని కోసి, కుట్లు వేయుదురు. ఆ బిగింపు అరగంట దాటినచో పిండమునకు చేటు. 1960లో థియోడోర్ మైమన్ తొలిసారి వెలిగించిన లేసరు కిరణము ఇచ్చట అక్కరకు వచ్చినది. థూలియము లేసరు కండలోని నీటిని వేడిచేసి, కోయుచునే చిన్న రక్తనాళములను మూసివేయును. కంతి చిన్నదై, పైకి తేలియున్నచో, ధమనిని బిగింపకయే పని ముగియవచ్చును.

దీనికిని లోపములు కలవు. పొగ లేచి చూపున కడ్డు వచ్చును. పెద్ద నాళములను ఇది మూయజాలదు. అన్ని ఆసుపత్రులలోను దొరకదు. లేసరు లేదని చికిత్స మానరాదు. మామూలు కత్తెరతో చేయు కీహోల్ చికిత్సయు మంచిదే.

ముత్తులక్ష్మీ రెడ్డిగారి పూనికతో 1954లో అడయారున కేన్సరు ఆసుపత్రి వెలసిన నగరము మనది. వైద్యమునకు కొదవ లేదు, అడుగువారికే కొదవ. ఆసుపత్రి కాగితములు తమిళమునను, ఆంగ్లమునను ఉండును. మన ముసలివారికి తెలుగున చెప్పినగాని మనసున కెక్కదు. కావున బిడ్డలు వెంట వెళ్లి, కంతి ఎంత, రెండవ పిండము ఎట్లున్నది, పిండమంతయు తీయవలెనా, కొంత నిలుపవచ్చునా, అట్టి చికిత్సలు మీరెన్ని చేసితిరి అని అడిగి, ఆ జవాబులను ఇంటి భాషలో పెద్దలకు చెప్పుదురు గాక. సంతకము ఆ తరువాతనే.