వివక్ష: పండితులు దిద్దిన ఒప్పు
(అచ్చంపేటలో చేసిన స్మారకోపన్యాసం)

మాకు చదువు చెప్పిన మాస్టారి పేరున మాట్లాడమని నన్ను పిలవడం గౌరవంగా భావిస్తున్నాను. ఆయన గురించి ఒక్క సంగతి చెబుతాను. తన శబ్దరత్నాకరం నిఘంటువుకు పాత పంచాంగం కాగితాలతో అట్ట వేసి, అడిగిన ప్రతి పిల్లవాడికీ ఇంటికిచ్చి పంపేవారు. మేం 'కుల వివక్ష' అని రాస్తే మాత్రం కొట్టేసి 'భేదభావం' అని దిద్దేవారు. ఆ దిద్దుబాటు సరికాదని ఆయన ఉండగానే వాదించాను. ఇవాళా అదే వాదిస్తాను.

పల్నాట ఈ విషయం ఎత్తుకుంటే బ్రహ్మనాయుడు కులాలన్నిటినీ కలిపి కూర్చోబెట్టిన చాపకూటితో మొదలుపెట్టి, జాషువా 'గబ్బిలం' (1941) మీదుగా రావడం ఆనవాయితీ. అవి మీకు తెలియనివి కావు. ఇంగ్లీషు 'డిస్క్రిమినేషన్' కథా తెలిసిందే: లాటిన్‌లో వేరుచేయడం, తర్వాత ఇంగ్లీషులో మంచిచెడ్డలు ఎంచే నేర్పు, పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో నల్లవారిని వేరుగా చూడడం. ఎంచే నేర్పుకు మనకు 'విచక్షణ' ఉంది. తగాదా అంతా 'వివక్ష' మీదే.

పండితుల అభ్యంతరం ఇది: వచ్ ధాతువు నుంచి పుట్టిన ఈ మాటకు చెప్పాలనే కోరిక అని అర్థం, అలంకారశాస్త్రంలో ఆనందవర్ధనుడి 'అవివక్షితవాచ్యం'లోనూ అదే అర్థం. నిజమే. కానీ శాస్త్రాల్లో ఈ మాట అక్కడే ఆగలేదు. జైమిని మీమాంసా సూత్రాల మూడో అధ్యాయంలో గ్రహైకత్వాధికరణం చూడండి. సోమరసం పట్టే పాత్ర గ్రహం. గ్రహాన్ని తుడవాలని విధి. ఏకవచనం కనుక ఒక్కదాన్నే తుడవాలా? కాదు, అన్నిటినీ తుడవాలి. ఏకవచనం అక్కడ వివక్షితం కాదు. మరి చమసాలనే వేరే పాత్రలను? అక్కర్లేదు, గ్రహమనే మాట వివక్షితం. ఉన్న తేడాల్లో దేన్ని లెక్కలోకి తీసుకోవాలి, దేన్ని వదలాలి అనే నిర్ణయమే అక్కడ వివక్ష. 'లింగవచన వివక్ష లేదు' అనే శాస్త్రపు వాడుకలోంచే 'కుల వివక్ష లేకుండా' వచ్చిందని నా వాదం.

అర్థం మారింది కనుక తప్పంటే, 'ఉద్యోగం' ఒకప్పుడు ప్రయత్నం, 'అవకాశం' ఖాళీ చోటు. వాటినెవరూ దిద్దడం లేదే!

'భేదభావం' మనసులో ఉండే భావం. టీకొట్టు దగ్గర రెండు గ్లాసుల పద్ధతి భావం కాదు. టీ ఒకటే, డబ్బూ ఒకటే. ఒక గ్లాసు లోపల బల్ల మీద, దళితులకిచ్చే రెండోది బయట. తాగినవాడే కడిగి పెట్టాలి. ఆ తేడాను లెక్కలోకి తెచ్చినవాడు కొట్టు యజమాని, వెనక ఊరు. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు అని విడివిడిగా చెప్పి నిషేధించింది కూడా భావాన్ని కాదు, ఈ పనినే.

ఇప్పుడు నేను పల్నాటి ఊళ్లలో అంటరానితనం చుట్టూ అల్లుకున్న మాటలు పోగుచేస్తున్నాను. ఎడంగా నిలబడడం, దోసిట నీళ్లు పోయడం, అంటు, మైల: వీటిలో ఒక్కోదాని వెనక ఒక్కో కట్టుబాటు ఉంది. నిఘంటువులు మాటకు అర్థం ఇచ్చాయి గాని, ఎవరు ఎవరితో ఎక్కడ అన్నారో రాయలేదు. మీ ఊరి మాటలు ఊరి పేరుతో సహా రాసి పంపండి. మాల, మాదిగ పల్లెల్లోని పెద్దవాళ్లను ముందుగా అడగండి.