లెక్కలో లేని ఊళ్లు
(సిద్దిపేటలో ఇచ్చిన స్మారకోపన్యాసం)



సుస్థిరాభివృద్ధి లక్ష్యాల మీద మాట్లాడమన్నారు. 2015 సెప్టెంబరు 25న ఐక్యరాజ్యసమితిలో 193 దేశాలు ఒప్పుకున్న 17 లక్ష్యాలు, వాటి కింద 169 ఉపలక్ష్యాలు, గడువు 2030. ఈ మాట రాగానే అందరూ న్యూయార్క్ వైపు చూస్తారు. నేను సిద్దిపేట నల్లా దగ్గర మొదలుపెడతాను. 1990ల చివర్లో దిగువ మానేరు జలాశయం నీళ్లు ఇక్కడి ఊళ్లకు పైపుల్లో వచ్చాయి. అప్పటికి వీటికి ముందటి సహస్రాబ్ది లక్ష్యాలు కూడా పుట్టలేదు. ఆ అనుభవమే రాష్ట్ర తాగునీటి పథకం మిషన్ భగీరథకు దారి చూపింది. 2016 ఆగస్టు 7న ప్రధాని దాన్ని ప్రారంభించింది కూడా ఇప్పటి మన జిల్లాలోని కోమటిబండలోనే. అంటే మనకు నీళ్లు ప్రపంచ సంస్థ చెబితే రాలేదు. ఎండిన బోర్లు, ఖాళీ బిందెలు, ఓట్లు కలిసి తెచ్చాయి.

మరి ప్రపంచ పాలన చేసేదేమిటి? హుకుం జారీ చేసే అధికారం దానికి లేదు. దేశాలు ఏటా జరిగే ఉన్నత స్థాయి రాజకీయ వేదికకు స్వచ్ఛంద నివేదికలు ఇస్తాయి. మన దేశం 2017, 2020, 2025లలో ఇచ్చింది. ఇవ్వకపోయినా అడిగేవాడు లేడు. 2025 మార్చిలో అమెరికా ఈ లక్ష్యాలను తిరస్కరిస్తున్నట్టు సమితి సర్వసభ్య సభలోనే చెప్పేసింది. సమితి 2024 నివేదిక ప్రకారం సరైన దారిలో ఉన్న ఉపలక్ష్యాలు 17 శాతమే. కోరల్లేని వ్యవస్థ అని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను ఆ మాట అనను. ఏం లెక్కపెట్టాలో నిర్ణయించేది అదే, అది చిన్న అధికారం కాదు.

ఆ లెక్క మన ఊరి దాకా దిగింది. 17 లక్ష్యాలను కేంద్ర పంచాయతీరాజ్ శాఖ తొమ్మిది అంశాలుగా మార్చి, పంచాయతీ ప్రగతి సూచీ తయారుచేసింది. తొలి విడతలో 435 సూచికలు, 566 సమాచార అంశాలు. పంచాయతీ కార్యదర్శి కంప్యూటర్ ముందు కూర్చుని, బరువు తక్కువ పిల్లలెందరని అంగన్‌వాడీ టీచర్‌కు, టీకాల సంగతేమిటని ఏఎన్‌ఎంకు ఫోన్ చేసి ఒక్కో గడి నింపాలి. ఇంత చాకిరీ మీద నిలబడ్డ తొలి సూచీ 2025 ఏప్రిల్‌లో వెలువడింది. 2.16 లక్షల పంచాయతీల్లో ముందు వరుసలో నిలిచినవి 699, వాటిలో 270 మన తెలంగాణవి. గుజరాత్ తర్వాత మనమే.

సంతోషమే. కానీ ఆ సమాచారం 2022–23 నాటిది. సూచీ వెలువడే నాటికి మన పంచాయతీలకు సర్పంచులే లేరు. 2024 ఫిబ్రవరి మొదట్లో గడువు తీరింది, 2025 డిసెంబరు ఎన్నికల దాకా ప్రత్యేకాధికారులే నడిపారు. ఎన్నికైన పాలకవర్గాలు లేవని ఆర్థిక సంఘం గ్రాంట్లు ఆగిపోయాయి. ఆ గ్రాంట్లలో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ ముడిపెట్టినవే. మార్కులు పంచాయతీకి, తాళంచెవి మాత్రం ఇంకొకరి చేతిలో.

ఇంతకంటే బరువైన సంగతి మన జిల్లాలోని మల్లన్నసాగర్. 50 టీఎంసీల జలాశయం, 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమైంది. వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్, లక్ష్మాపూర్ లాంటి ఊళ్లు దాని కింద పోయాయి. ప్రభుత్వం 123 జీవో కింద భూములు కొంటున్న రోజుల్లో వేములఘాట్ జనం రిలే దీక్షలకు కూర్చున్నారు. 2016 ఆగస్టులో హైకోర్టు సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేశారు. అయినా పని ఆగలేదు. ఇవాళ ఆ కుటుంబాలు గజ్వేల్ దగ్గర ముట్రాజ్‌పల్లి కాలనీలో ఉన్నాయి. ఇల్లు ఉంది. ఇంటికీ ఇంటికీ మధ్య బర్రెను కట్టేసే జాగా ఎక్కడ? చెల్కకు పోయే బాట ఎటు?

ఆరో లక్ష్యం కింద నీళ్లు లెక్కకు వస్తాయి. పదహారో లక్ష్యం నిర్ణయాల్లో ప్రజలకు భాగం ఉండాలంటుంది. కానీ మునిగిన ఊరికి మార్కులు తగ్గవు. ఊరు లేకపోతే పంచాయతీ లేదు, పంచాయతీ లేకపోతే సూచీలో గడే ఉండదు. మనం గెలిచామని చెప్పే పట్టికలోనే వాళ్లు కనబడరు. నీళ్లు వద్దని నేననను, ఈ జిల్లాలో ఎవరూ అనలేరు. వాటికి చెల్లించిన మూల్యం పక్క గడిలో రాయమంటున్నాను.

2030 తర్వాత ఏమిటన్న చర్చను 2027 సెప్టెంబరులో ఎత్తుకోవాలని దేశాలు ఒప్పుకున్నాయి. అంతదాకా ఆగనక్కర్లేదు. తొలి సూచీలోని 435 సూచికల్లో 104 ఐచ్ఛికాలే, అన్నీ తప్పనిసరి కావు. అలాగే ప్రాజెక్టుల కింద ఊరు వదిలిన కుటుంబాలెన్ని, ఐదేళ్లకు వాళ్ల సంపాదన ఎంత, చేతిలో భూమి ఎంత అన్న మూడు ప్రశ్నలను రాష్ట్రం తనకు తానుగా చేర్చుకోవచ్చు. తొలి లెక్క ముట్రాజ్‌పల్లిలో తీయొచ్చు.