మన గంప ఏ పెళ్లికి వెళ్లాలి

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా విజయవాడలో జరిగిన యువతీయువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంస్కృతి గురించి మాట్లాడమన్నారు. మేము పెళ్లి పనుల వ్యాపారం గురించి మాట్లాడతాం. పెద్దలు ఏమీ అనుకోవద్దు. రెండూ ఒకటేనని కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మన కృష్ణా జిల్లా పెళ్లిళ్లలో పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామలు మండపంలోకి మోసుకొస్తారు. అందరూ చూసిందే. ఆ గంప ఎవరు అల్లారు? సారె పెట్టే బుట్టలు, గౌరీపూజ దగ్గర చేట, పెళ్లికొడుక్కి విసిరే విసనకర్ర ఎవరు చేశారు? చాలా ఊళ్లలో మన ఎరుకల ఇళ్లలోని అమ్మలు, అమ్మమ్మలే. గంప పీటల దాకా వెళ్తుంది. అల్లిన మనిషి గేటు బయట డబ్బుల కోసం నిలబడి ఉంటుంది. ఈ సంగతి మార్చాలనే మా హాస్టల్లో చదివి వెళ్లిన ముగ్గురు ఆడపిల్లలు, వాళ్లలో ఇద్దరి అమ్మలు కలిసి ఒక చిన్న పని మొదలుపెట్టారు. వెదురు గంపలు, సారె బుట్టలు, హల్దీకి వెదురుతో అలంకరణ, బుట్టల్లో సర్దిన తాంబూలాలు, ఇవి వాళ్లు చేసేవి. లెక్కల పుస్తకం చూడటం, ఆదివారం సాయంత్రాలు వాళ్లతో కూర్చుని వాదించటం మా పని. డబ్బులో మాకు వాటా లేదు గానీ తలనొప్పిలో ఉంది. అందుకే ‘మేము’ అంటున్నాం.

మొదటి ఏడాది ఎవరు ఫోన్ చేసినా సరేనన్నాం. లైటింగ్ ఉందా అంటే ఉందన్నాం, స్టేజీ వేస్తారా అంటే వేస్తామన్నాం, వంటవాళ్లు దొరుకుతారా అంటే దొరుకుతారన్నాం. తెలిసినవాళ్ల కాళ్లు పట్టుకుని అన్నీ కుదిర్చాం. పదకొండు పెళ్లిళ్లు అయ్యాక పుస్తకం తీసి చూస్తే, ఐదుగురి కష్టానికి మిగిలింది 6,200 రూపాయలు. రావలసింది 14,000. అది ఇవాళ్టికీ రాలేదు. వాళ్లకి పెళ్లయింది, బాబు కూడా పుట్టాడట.

అది డబ్బు సంగతి. ఇంకొకటి చెప్పటానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఒకే రోజు రెండు ముహూర్తాలు ఒప్పుకుని, టైము చాలక, మట్టి మోయటానికి అల్లిన మామూలు గంపకి శాటిన్ గుడ్డ చుట్టి పంపేశాం. మండపానికి పదడుగుల దూరంలో అడుగు బద్దలు పటపటమన్నాయి. మేనమామలు ఇద్దరూ కింద చేతులు వేసి ఆపబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ పిల్ల పట్టుచీరతో నేలమీద పడేది. తప్పు వాళ్లది కాదు, గంపదీ కాదు, మనది. ఆ రాత్రి అల్లిన అమ్మ అన్నం తినలేదు. నలభై ఏళ్లలో తన గంప విరగటం అదే మొదటిసారి అంది.

ఆ తరవాతి ఆదివారం కూర్చున్నప్పుడు ప్రశ్న మారింది. ఎక్కువ మంది కస్టమర్లు ఎలా వస్తారు అని కాదు, ఎవరు రావాలి అని.

దీనికి జవాబు మన అమ్మమ్మల దగ్గరే ఉంది. ఆకాశరాజు ఇంటికి శ్రీనివాసుడు ఏ వేషంలో వెళ్లాడు? ఎరుకలసాని వేషంలో. నెత్తిన బుట్ట పెట్టుకుని వెళ్లి ధరణీదేవికి సోది చెప్పి, పద్మావతి మనసులో మాట బయటపెట్టి, పెళ్లికి దారి వేసుకున్నాడు. తెలుగువాళ్లు ఏటా కల్యాణాలు చేసే ఆ పెళ్లి కుదిరిన కథలో మన మనిషి వేషమే ఉంది, మన బుట్టే ఉంది. సోది నిజమా కాదా అన్న వాదన ఇక్కడ వద్దు, హాస్టల్లో సైన్సు చెప్పే మేము దాని జోలికి పోం. కానీ సోది చెప్పే మనిషి గడపలో కూర్చుని ముందు ఏం చేసేది? చూసేది, వినేది. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది, దేనికి దిగులు పడుతున్నారు, చేతిలో ఎంత ఉంది, ఇవన్నీ పట్టుకున్నాకే నోరు విప్పేది. మనం ఫోన్ ఎత్తగానే రేట్లు చదువుతున్నాం!

ఇప్పుడు మన పిల్లలు ముందు అడుగుతారు. ముహూర్తం ఎన్ని గంటలకు, ఏ ఊళ్లో, పెళ్లికూతురి బరువు సుమారుగా ఎంత (నవ్వకండి, గంప దాన్ని బట్టే అల్లాలి), ఇంట్లో ఈ విషయం ఎవరు తేలుస్తారు. ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. అబ్బాయి ఫోన్లో ఒప్పుకుంటాడు, వాళ్ల పెద్దమ్మ వచ్చి వద్దంటుంది. అందుకని పెద్దమ్మతోనే మాట్లాడతాం. గుడివాడ, పామర్రు వైపు పిల్లలు అమెరికాలో ఉండే ఇళ్లు చాలా ఉన్నాయి. పెళ్లికి రెండు మూడు వారాల సెలవుతో వస్తారు, ఇక్కడ అన్నీ చూసుకునేది అమ్మానాన్నలే. వాళ్లకి పెద్ద హంగు అక్కర్లేదు. చెప్పిన రోజుకి చెప్పిన వస్తువు ఇంటికి చేరాలి, పని పాత పద్ధతిలో ఉండాలి. మనకి సరిపోయే ఇళ్లు అవి.

ముహూర్తం టైము ఎందుకంటే, మన పెళ్లిళ్లు సగం అర్ధరాత్రివే. రాత్రి రెండున్నరకి ముహూర్తం అయితే, అన్నీ సర్దుకునేసరికి నాలుగు. ఇరవై ఏళ్ల పిల్లలు అవనిగడ్డ నుంచి ఆ చీకట్లో ఎలా వస్తారు? అందుకే ఒక షరతు పెట్టాం: తెల్లారేదాకా ఉండటానికి ఆడవాళ్ల గది ఇవ్వాలి, బంతిలో భోజనం పెట్టాలి. ‘మీ వాళ్లకి విడిగా పొట్లాలు ఇస్తాంలే’ అన్నవాళ్ల ఆర్డరు తీసుకోలేదు. దీంతో కొన్ని పోయాయి. ఒప్పుకున్న ఇళ్లలో ఒక్కరు కూడా డబ్బు ఎగ్గొట్టలేదు. ఈ రెండింటికీ సంబంధం ఉందని మా నమ్మకం.

వాళ్లు ఎక్కడ దొరికారు అంటారా? రీల్స్ పెట్టాం. హైదరాబాదు, బెంగళూరు నుంచి ‘ప్రైస్ ప్లీజ్’ అని వందల్లో వచ్చాయి. చెప్పగానే మాయం. అసలు ఆర్డర్లు తెచ్చింది పురోహితులు, ఫొటోగ్రాఫర్లు, బందరు రోడ్డు మీద కల్యాణ మండపాల మేనేజర్లు, కాళేశ్వరరావు మార్కెట్ వైపు పసుపు కుంకుమ సామాను అమ్మేవాళ్లు. పెళ్లి మాట మొదట పడేది వాళ్ల చెవినే. ఒక్కొక్కరికి ఒక చిన్న సారె బుట్ట ఊరికే ఇచ్చాం. ఫొటోగ్రాఫరుకి బాగా పనికొచ్చేది ఇంకోటి ఉంది. గంప వచ్చే క్షణం ఆల్బమ్‌లో పెద్ద ఫొటో కదా, గంప అందంగా ఉంటే అతని ఫొటో కూడా అందంగా వస్తుంది. ఆ మాట అతనికి అర్థమయ్యాక మన గురించి అతనే చెబుతున్నాడు. ఇక అన్నిటికన్నా పెద్ద ప్రచారం పెళ్లికి వచ్చిన ఆడవాళ్లు. గంపని చేత్తో తడిమి చూసి ‘ఎక్కడ చేయించారమ్మా’ అంటారు. అందుకని ప్రతి గంప అంచుకి ఫోన్ నంబరుతో చిన్న గుడ్డ పట్టీ కుట్టాం.

ఆ పట్టీ మీద ఏం రాయాలన్న దగ్గర పెద్ద గొడవైంది. ఒకమ్మాయి ‘ఎరుకల చేతి వెదురు పని’ అని రాద్దామంది. ఇంకో అమ్మాయి ఏడ్చేసింది. ‘కాలేజీలో మూడేళ్లు మన కులం చెప్పలేదు మేడమ్, ఇప్పుడు గంపల మీద రాసుకుని తిరగాలా’ అంది. ఆమెని తప్పు పట్టలేం. 1871లో తెల్లవాళ్లు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం కింద, తరవాత మన ప్రాంతంలో కూడా, పుట్టిన బిడ్డ మీద కూడా దొంగ అన్న ముద్ర వేశారు. స్టువర్టుపురం ఆ ముద్రతో కట్టిన ఊరే. చట్టం 1952లో రద్దయింది. చూపులు మాత్రం అంత తొందరగా రద్దు కాలేదు. ఒకింట్లో అడ్వాన్సు ఇచ్చాక ‘మీరెవరమ్మా’ అని అడిగి, చెప్పగానే ‘నగలున్న ఇల్లు, మీరు లోపలికి రాకండి, బయటే పెట్టేసి వెళ్లండి’ అన్నారు. ఆ పిల్లలు అడ్వాన్సు అక్కడే తిరిగి ఇచ్చేసి, గంప నెత్తిన పెట్టుకుని ఆటో ఎక్కారు. చేతికి వచ్చిన సొమ్ము పోయింది, నిజమే. ఆ నెల అద్దెకి ఇబ్బంది పడ్డారు కూడా.

చివరికి రాద్దామనే నిర్ణయం అయింది, ఏడ్చిన అమ్మాయి చేత్తోనే రాయించాం. రాశాక దివిసీమలో ఒక పెద్దావిడ ఫోన్ చేసింది. వాళ్లమ్మ పెళ్లికి బుట్టలు ఎరుకల నాంచారమ్మే తెచ్చేదని, అలాంటి పని మళ్లీ చూడలేదని చెప్పి, మనవరాలి పెళ్లికి 21 సారె బుట్టలు అడిగింది. బేరం ఆడలేదు. పేరు రాయకపోతే ఆవిడకి మనం కనపడేవాళ్లమే కాదు. పేరు చూసి వెనక్కి పోయేవాళ్లు ముందే పోతే, మన టైము మనకి మిగులుతుంది.

పేరు వల్ల ఇంకో రకం వాళ్లు కూడా వస్తారు, జాగ్రత్త. నగరంలో ఒకరు ‘ట్రైబల్ థీమ్’ హల్దీ కావాలన్నారు. మన పిల్లలు ఈకలు పెట్టుకుని, ఆకులు కట్టుకుని గేటు దగ్గర డాన్సు చెయ్యాలట. 25,000 ఇస్తామన్నారు. మన అమ్మమ్మలు ఏనాడైనా ఆకులు కట్టుకున్నారా? అరకు అక్కచెల్లెళ్ల థింసాకి కూడా దానికంటూ ఒక వేళ, ఒక పద్ధతి ఉన్నాయి, పెళ్లి గేటు దగ్గర ఆడే వేషం కాదది. వద్దన్నాం. వెదురు పందిరి వేస్తాం, లంబాడీ అక్కలు కుట్టిన అద్దాల గుడ్డ వెనక కడతాం, కుట్టిన వాళ్లకి రేటు ఇచ్చి, అని చెప్పాం. వాళ్లు ఫోన్ పెట్టేశారు.

డబ్బు లెక్కలు త్వరగా చెబుతాం. మొదట్లో గంప 900కి అమ్మాం. వెదురు, గుడ్డ, ఆటో, అమ్మ రెండు రోజుల కూలి కలిపితే 1,450 పడుతోందని పుస్తకం రాశాకే తెలిసింది. అమ్మ కూలిని మనం ఎప్పుడూ లెక్కలోకి తీసుకోం, అదే అసలు జబ్బు. ఇప్పుడు 2,200. సగం ముందు, సగం గంప బండి ఎక్కేటప్పుడు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢాలు వస్తే పెళ్లిళ్లు ఉండవు, ఆ నెలల కోసం తాంబూలాల చిన్న బుట్టలు, సీమంతాల పని పెట్టుకున్నాం. అడవి బయట పెరిగిన వెదురుని 2017లో చట్టం సవరించి చెట్ల జాబితాలోంచి తీసేశారు, కాబట్టి పొలం గట్టు మీద పెంచిన వెదురు కొనటానికి భయం అక్కర్లేదు. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో బుట్టల అల్లిక ఉంది. పనిముట్లకి 15,000, మొదటి విడత లక్ష దాకా 5 శాతం వడ్డీకి అప్పు. కాగితాలు నింపటం రాకపోతే హాస్టల్ ఆఫీసుకి రండి, ఆదివారం తప్ప. ఆదివారం మేము వాదనలో ఉంటాం.

వెనక బల్ల మీద రెండు గంపలు పెట్టాం. ఒకటి విరిగిన గంప, పారెయ్యనివ్వలేదు. రెండోది ఇప్పుడు అల్లుతున్నది. అడుగున బద్దలు ఎలా మారాయో తిప్పి చూడండి. తొంభై కిలోల బియ్యం మూటలు పెట్టి మోసి చూశాకే బయటికి పంపుతున్నారు. శ్రావణం ముహూర్తాలకి చేతులు చాలటం లేదు, బద్ద చీల్చటం వచ్చినవాళ్లు బల్ల దగ్గరున్న అమ్మకి పేరు ఇవ్వండి. రానివాళ్లు కూడా ఇవ్వండి, ఆవిడ నేర్పుతుంది, కాస్త తిడుతుంది కూడా.

సెలవు.