శిబిరం ముగిశాక పంతొమ్మిదో రోజు
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్లు ఫోన్ చేసి "ధ్యానం గురించి మాట్లాడాలన్నా" అంటే నాకు నవ్వొచ్చింది. నేను స్వామీజీని కాను, డాక్టర్‌ను కాను. ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపి 2022లో రిటైరైన డ్రైవర్‌ను. నా కోపం ఎట్లాంటిదో ఈ హాల్లో సగం మందికి తెలుసు. కబడ్డీ ఆటలో కొట్లాట పెట్టుకుని హెడ్మాస్టర్ గది ముందు ఎన్నిసార్లు నిలబడ్డానో మా సార్లకు ఇంకా బాగా తెలుసు. అందుకే ధ్యానం ఎట్లా చేయాలో నేను చెప్పను. నేర్చుకున్నదాన్ని ఎట్లా పోగొట్టుకున్నానో, మళ్లీ ఎట్లా పట్టుకున్నానో అది మాత్రం చెప్తా.

2008లో నాకు బీపీ ఎక్కువైంది. మందులు మొదలుపెట్టారు. తోటి డ్రైవర్ ఒకాయన, "మందులు వేసుకో, దాంతోపాటు ఒకసారి విపశ్యనకు పోయి రా" అన్నాడు. నాగార్జునసాగర్ రోడ్డులో, వనస్థలిపురం దాటాక ధమ్మఖేత్త అనే కేంద్రం ఉంది. 1976లో మొదలైంది. బర్మాలో పుట్టి పెరిగిన సత్యనారాయణ గోయెంకా గారు 1969లో ఇండియాకు వచ్చి ఈ పద్ధతి నేర్పడం మొదలుపెట్టారు. ఆయన 2013లో పోయారు. శిబిరాలు ఇప్పటికీ ఆయన గొంతు రికార్డుతోనే నడుస్తాయి. ఫీజు లేదు. మన కంటే ముందు కూర్చున్నవాళ్లు ఇచ్చిన డబ్బుతో మన అన్నం ఉడుకుతుంది. మనం ఇవ్వాలనుకుంటే శిబిరం పూర్తి చేశాకే తీసుకుంటారు.

పన్నెండు రోజులు సెలవు పెట్టి పోయాను. ఫోన్ తీసుకున్నారు, మాట బంద్. పొద్దున నాలుగింటికి గంట కొడతారు. మొదటి మూడు రోజులు ముక్కు దగ్గర వచ్చిపోయే ఊపిరిని గమనించడం ఒక్కటే పని. మంత్రం లేదు, రూపం లేదు. నాలుగో రోజు నుంచి తల నుంచి పాదాల దాకా ఒంట్లో ఎక్కడ ఏం తెలుస్తుందో చూసుకుంటూ పోవాలి. దురద, మంట, బరువు, తిమ్మిరి ఏదైనా సరే. బాగుందని పట్టుకోవద్దు, బాగాలేదని తోసెయ్యొద్దు. ఆరో రోజు మోకాళ్ల నొప్పికి సంచి సర్దుకున్నాను కూడా. ఎందుకో ఆగిపోయాను. పదో రోజు మాట్లాడనిచ్చినప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

పదకొండో రోజు పొద్దున పంపిస్తూ ఒక మాట చెప్తారు. ఇంటి దగ్గర పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చోండి, వారానికోసారి తోటి సాధకులతో కూర్చోండి, ఏడాదికోసారి శిబిరానికి రండి అని. నేను తల ఊపాను. గేటు దాటితే ఆ తల ఊపుడు ఎంత బరువో అప్పటికి తెలియదు.

శిబిరంలో గంట కొట్టేవాళ్లున్నారు, వండిపెట్టేవాళ్లున్నారు, పక్కన కదలకుండా కూర్చున్నవాళ్లున్నారు. ఇంట్లో ఏముంది? కరీంనగర్ ఫస్ట్ బస్సు డ్యూటీ పడితే నేను రాత్రి రెండున్నరకు లేవాలి. ధ్యానం గంట కలిపితే ఒంటిగంటన్నర. అయినా పట్టుబట్టి పద్దెనిమిది రోజులు చేశాను. పంతొమ్మిదో రోజు లేవలేదు. ఇరవయ్యో రోజు, నిన్నటిది కూడా కలిపి చేద్దాం అనుకున్నాను. అదే నా తప్పు. రోజుకు రెండు గంటల బాకీ, వారానికి పద్నాలుగు గంటల బాకీ. బాకీ పెరిగినకొద్దీ, అప్పిచ్చినాయన దుకాణం ముందు నుంచి పోలేక సందుల్లోంచి తిరిగిపోయే మనిషి లెక్క నేను ఆ చాప ఉన్న మూలకే పోలేదు. అట్లా మూడేళ్లు గడిచినై.

2011లో మా అబ్బాయి ఇంటర్ సెకండియర్ మ్యాథ్స్‌లో ఫెయిలయ్యాడు. ఆ రోజు ఇంట్లో చుట్టాలున్నారు. అందరి ముందు వాడి చెంప మీద కొట్టాను. వాడు ఏడవలేదు. "పది రోజులు పోయి నేర్చుకున్నది ఇదేనా డాడీ?" అన్నాడు. ఆ తర్వాత చాలా నెలలు నాతో అవసరానికి తప్ప మాట్లాడలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక డాబా మీద పడుకుంటే మన బడి గుర్తొచ్చింది. హకీంపేట విమానాలు మీకందరికీ గుర్తుండే ఉంటాయి. ట్రైనింగ్ విమానం పైనుంచి పోతుంటే క్లాసులో ఒక్క ముక్క వినపడేది కాదు. మేమంతా కిటికీల దగ్గరికి ఉరికేవాళ్లం. మా తెలుగు సార్ తిట్టేవారు కాదు. చాక్‌పీస్ పట్టుకుని అట్లనే నిలబడేవారు. చప్పుడు పోయాక, ఏ మాట దగ్గర ఆగారో ఆ మాట దగ్గరే మళ్లీ ఎత్తుకునేవారు. పోయిన టైముకు లెక్క అడిగేవారు కాదు, పాఠం మొదటి నుంచి చెప్పేవారు కాదు.

తెల్లారి పది నిమిషాలు కూర్చున్నాను. గంట కాదు, పదే పది నిమిషాలు. పాత బాకీ కొట్టేశాను.

పది నిమిషాలైనా డ్యూటీ మనిషికి జాగా దొరకాలి కదా. కరీంనగర్ బస్టాండ్‌లో బస్సు పెట్టాక తిరుగు ట్రిప్పుకు టైముంటే, వెనక సీట్లో కూర్చునేవాణ్ని. "నిద్రనా, ధ్యానమా అన్నా?" అని కండక్టర్ అడిగేవాడు. "సగం సగం" అనేవాణ్ని. నిజం కూడా అదే. స్టీరింగ్ ముందు మాత్రం ఎప్పుడూ చేయలేదు. బండి నడిపేటప్పుడు ధ్యాస రోడ్డు మీదే ఉండాలి. మెల్లమెల్లగా పది కాస్తా ఇరవై అయింది. లీవు రోజుల్లో గంట.

దాని వల్ల ఏమొచ్చిందని అడుగుతారు. కోపం పోలేదు. కానీ కోపం వచ్చే దారి కనపడింది. శామీర్‌పేట దగ్గర ఆటో అడ్డం దూరితే నాకు ముందు చెవులు వేడెక్కుతాయి, తర్వాత దవడ బిగుస్తుంది, ఆ తర్వాతే నోట్లోంచి తిట్టు వస్తుంది. నలభై ఏళ్లు తిట్టు ఒక్కటే నాకు తెలుసు, చెవుల సంగతి తెలియదు. చెవుల దగ్గర పట్టుకున్న రోజున తిట్టు ఆగింది. పట్టుకోలేని రోజులు ఇప్పటికీ ఉన్నాయి, మా ఇంటావిడ ఇక్కడే ఉంది, అడగండి.

ఇది ఒక్క విపశ్యన ముచ్చటే కాదు. మా మేనకోడలు ఆఫీసులో ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ కోర్సు చేసింది. 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన ఆసుపత్రి రోగుల కోసం మొదలుపెట్టిన పద్ధతి అట. తొమ్మిదో వారానికే ఆమె కూడా ఆపేసింది. ఫోన్లో యాప్ ఉంది, వరుసగా ఎన్ని రోజులు చేశావో లెక్క చూపిస్తుంది, ఒక్కరోజు తప్పితే సున్నా. ఆ సున్నా చూసి మానేసిందంట. ఆ లెక్క కనపడకుండా పెట్టుకోమని చెప్పాను. ఇంకో మాట. మనసు మరీ కుంగిపోయినవాళ్లు, మానసిక వ్యాధికి మందులు వాడుతున్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా పది రోజుల శిబిరాలకు పోవద్దు. నా బీపీ మాత్ర కూడా నేను మానలేదు.

వారానికోసారి తోటివాళ్లతో కూర్చొమ్మన్న మాట నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. నగరానికి ఈ చివర మనం, ఆ చివర ఆ కేంద్రం. ప్రతి వారం పోయి రావడం నాతో కాదు. రిటైరయ్యాక ఇక్కడే, పాత సాధకులం ఐదుగురం, ఆదివారం పొద్దున ఆరింటికి మా డాబా మీద కూర్చుంటున్నాం. ఒక్కణ్నే అయితే మానేసే రోజు కూడా, ఎదురింటాయన చాప పట్టుకుని మెట్లెక్కే చప్పుడు వింటే లేస్తాను.

పోయిన దసరాకు మా అబ్బాయి వచ్చినప్పుడు, చెప్పకుండా వచ్చి మా వెనక కూర్చున్నాడు. పది నిమిషాలకు లేచి కిందికి పోయాడు. నేనేమీ అడగలేదు, వాడేమీ చెప్పలేదు.

మీలో ఎవరైనా ఎప్పుడో కోర్సు చేసి ఆపేసినవాళ్లుంటే రండి. ఎన్నేళ్లయిందని ఎవరూ అడగరు. చాప మీరే తెచ్చుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న మా బ్యాచ్ వాళ్లకు రెండు కుర్చీలున్నాయి. అయ్యాక చాయ్ ఉంటుంది.