గిటారు పిన్ను వదులైతే



మన ఎల్ల ప్రాంతపు పల్లెల్లో గిటారు ఇప్పుడు కొత్త వాద్యం కాదు. ప్రార్థన కూటాల్లో, కళాశాల వార్షికోత్సవాల్లో వినిపిస్తూనే ఉంది. కానీ దానికి చిన్న జబ్బు చేస్తే చూసే పనివాడు కుందారపల్లి లాంటి ఊళ్ళో దొరకడం కష్టం. కృష్ణగిరికో హోసూరుకో, అక్కడా కాకపోతే బెంగళూరుకో మోసుకుపోవాలి. అందుకని ఇంట్లోనే సరిచేసుకోదగిన ఒక ఇబ్బందిని గురించి ఈరోజు చెప్పుకుందాం. అదే, తీగ బిగిస్తుంటే బ్రిడ్జి మీది పిన్ను వదులై పైకి లేచిరావడం.

గిటారు పెట్టె మీద తీగలు వచ్చి ఆగే అడ్డచెక్కను బ్రిడ్జి అంటారు. మంచి గిటార్లలో దాన్ని ఇరుగుడు చెక్కతో చేస్తారు. మన పక్కన కన్నడం వారు బీటె అనేది ఈ చెక్కనే. అందులో ఆరు రంధ్రాలు, ఆరు పిన్నులు. తీగ కొసన చిన్న లోహపు గుండు ఉంటుంది. దాన్ని రంధ్రంలోకి దించి, పైన పిన్ను పెడతాం. నైలాన్ తీగల గిటార్లకు ఈ పిన్నులు ఉండవు, తీగను బ్రిడ్జికే ముడివేస్తారు.

వీణ బిరడ జారిపోతుంటే సుద్ద రాసి బిగిస్తాం. అక్కడ పట్టంతా రాపిడిదే. గిటారు పిన్ను సంగతి వేరు. ఆరు ఉక్కు తీగలూ శ్రుతిలో ఉన్నప్పుడు మొత్తం లాగుడు సుమారు 70 కిలోల బరువుకు సమానం. అంత బరువును పిన్ను బిగువు ఆపలేదు. పెట్టె లోపల, బ్రిడ్జికి సరిగ్గా కింద, ఒక పలుచని గట్టిచెక్క అతికించి ఉంటుంది. గుండు ఆ చెక్క అడుగున ఆనుకుంటే అదే బరువు మోస్తుంది. గుండు పక్కకు జరగకుండా చూడడమే పిన్ను పని. గుండు పిన్ను మొన కింద కూర్చుంటే మాత్రం, తీగ బిగించిన కొద్దీ అది పిన్నును పైకి తోస్తుంది.

కనుక మొదట చేయవలసింది ఇది. తీగను పూర్తిగా సడలించండి. పెట్టె రంధ్రంలోంచి చెయ్యి పెట్టి, ఒక నాణెంతో పిన్నును కిందినుంచి పైకి నెట్టండి. పటకారుతో పీకితే పిన్ను తల విరుగుతుంది. గుండు పక్కన తీగను కొద్దిగా వంచి రంధ్రంలోకి దించండి. పిన్ను గాడి తీగ వైపు తిరిగి ఉండాలి. పిన్నును వదులుగా పెట్టి, గుండు లోపలి చెక్కకు తగిలినట్టు తెలిసేదాకా తీగను మెల్లగా పైకి లాగండి. అప్పుడు పిన్నును బొటనవేలితో అదమండి. సుత్తి పని లేదు. బిగించేటప్పుడు ముఖం బ్రిడ్జి మీదికి వంచవద్దు. ఎగిరిన పిన్ను కంటికి తగిలితే ప్రమాదం.

చాలాసార్లు ఇంతటితో బాగవుతుంది. కాకపోతే లోపల చూడాలి. చిన్న అద్దం, టార్చిలైటు చాలు. సెల్‌ఫోను కెమెరా ఉంటే మరీ సులువు. 19వ శతాబ్ది తొలి రోజుల్లో యూరప్‌లో ఈ పిన్నులు వాడినప్పుడు తీగలు పేగుతో చేసినవి, మెత్తనివి. 1920లలో ఉక్కు తీగలు వాడుకలోకి వచ్చాక లోపలి చెక్క మీద భారం పెరిగింది. గుండ్లు ఏళ్ళ తరబడి కొరికి రంధ్రాన్ని పెద్దది చేస్తాయి. అలా అరిగిపోతే రంపపు పొట్టు, జిగురు కలిపి పూడ్చి, మళ్ళీ రంధ్రం తొలవాలి. అది అనుభవమున్న పనివాడి చేతికే వదలండి.

లోపలి చెక్క బాగుండి పిన్నే సన్నదైతే, లావుపాటి పిన్నులు కొనాలి. పిన్నుల ఏటవాలు అన్నిటికీ ఒకటి కాదు. 3 డిగ్రీలవీ ఉన్నాయి, 5 డిగ్రీలవీ ఉన్నాయి. అందుచేత పాత పిన్ను ఒకటి జేబులో వేసుకుని అంగడికి వెళ్ళండి. ఆ సాయంత్రమే పాట ఉందంటే, పిన్నుకు పలుచని కాగితం ఒక చుట్టు చుట్టి గడుపుకోవచ్చు. అది ఆ పూటకే.

ఒక్క పని మాత్రం చేయకండి. క్షణంలో అంటుకునే జిగురు పోసి పిన్నును అతికించవద్దు. తర్వాత తీగ తెగితే పిన్నును తొలిచి తీయాలి. ఆ తొలచడంలో బ్రిడ్జి చీలితే, తక్కువలో పోయేది బ్రిడ్జి మొత్తం మార్చేదాకా వస్తుంది.

చివరగా, బ్రిడ్జి వెనుక అంచు కిందికి ఒక కాగితాన్ని తోసి చూడండి. అది లోపలికి దూరిందంటే బ్రిడ్జే లేస్తోందన్నమాట. వెంటనే తీగలన్నీ సడలించి, పనివాడికి చూపించండి. ఆ గిటారు మళ్ళీ చాలాకాలం మోగుతుంది.